మాదాపూర్‌లో కూర్చుని చూడాల్సిన కొన్ని పాత సినిమాలు

శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక మా ఫ్లోర్‌లో పని పెద్దగా నడవదు. చాయ్ మెషీన్ దగ్గర ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "అన్నా, ఈ వీకెండ్ ఏం చూడాలె?" సినిమాల గురించి అప్పుడప్పుడు రాస్తానని తెలిసిన పాపానికి ఆ ప్రశ్న వచ్చి నా దగ్గర ఆగుతుంది. కొరియన్ థ్రిల్లర్లు, మలయాళం సినిమాలు వాళ్లకి నాకంటే బాగా తెలుసు కాబట్టి మామూలుగా నా జవాబుకి పెద్ద విలువుండదు. మొన్న మాత్రం నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇంకో మాట కలిపాడు. "మన సైడ్ సినిమాలు ఏమన్న ఉన్నయా అన్నా? ఎవ్వరు పెద్దగ చూడనియ్యి?"

ఐదారు పేర్లు చెప్పాను. ఒక్కటి కూడా అతను విని ఉండలేదు. అవన్నీ ఈ నగరం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పుట్టినవే. జాతీయ అవార్డులొచ్చినవే చాలావరకు. అతనికి వాట్సాప్‌లో ఒక జాబితా పంపుదామని కూర్చున్నాను. పేరు పక్కన ఒక ముక్క రాయబోతే దాని వెనక ఇంకో కథ, దాని వెనక ఇంకోటి. జాబితా కాస్తా ఇదిగో, ఇలా తయారైంది.

1998 దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మా ఆఫీసుల్లో చరిత్ర అక్కడే మొదలవుతుంది. ఆ ఏడాది నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. దానికి కొన్ని నెలల ముందే 'హైదరాబాద్ బ్లూస్' థియేటర్లకొచ్చింది. తీసినవాడు నగేశ్ కుకునూర్. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అట్లాంటా వెళ్లి జార్జియా టెక్‌లో పైచదువు చదివి, అక్కడే ఇంజనీరుగా ఉద్యోగం చేసినవాడు. ఆ జీతంలో మిగిల్చిన డబ్బుతో ఇక్కడికొచ్చి 17 రోజుల్లో, 17 లక్షల్లో సినిమా పూర్తి చేశాడు. హీరో కూడా తనే. స్టార్లు లేరు, పాటలు లేవు, మాటలు చాలావరకు ఇంగ్లీషు, మధ్యమధ్యలో తెలుగు, హిందీ. మనిళ్లల్లో ఫోన్లో మాట్లాడుకునే భాషే అనుకోండి.

కథ తెలిసిందే. పన్నెండేళ్ల తర్వాత అమెరికా నుంచి సెలవుకొచ్చిన వరుణ్ నాయుడికి ఇంట్లోవాళ్లు పెళ్లి చేయాలని చూస్తుంటారు, అతనేమో డాక్టర్ అశ్విని వెంట పడతాడు. కొన్ని జోకులు ఇప్పుడు వాడిపోయాయి. ఆడవాళ్లని అర్థం చేసుకోవడంలో వరుణ్ ఎంత వెనకబడి ఉన్నాడో సినిమాకి సగమే తెలుసనిపిస్తుంది. అయినా చూడమంటాను. డాలర్ జీతం హైదరాబాదుకి తిరిగొచ్చి ఇక్కడ ఏం చేసిందో చెప్పాలంటే ఇదే తొలి సాక్ష్యం. గుండ్రటి టవరూ ఆ డబ్బు దారిలోనే లేచింది, ఈ చిన్న సినిమా కూడా. కాకపోతే ఇందులో హైదరాబాదంటే మధ్యతరగతి ఇళ్లు, స్నేహితుల గుంపు, పెళ్లిచూపులు. ఊరి చుట్టూ ఉన్న ఊళ్లు దీనికి అక్కర్లేదు.

ఆ ఊళ్ల కోసం పాతికేళ్లు వెనక్కి పోవాలి.

శ్యామ్ బెనెగల్ పుట్టి పెరిగింది సికిందరాబాదు పక్కన. 'అంకుర్' కథని కాలేజీ రోజుల్లోనే రాసుకున్నాడు. తర్వాత బొంబాయి వెళ్లి వాణిజ్య ప్రకటనలు తీస్తూ, పదేళ్లకు పైగా నిర్మాత కోసం వెతికాడు. చివరికి డబ్బు పెట్టింది థియేటర్లలో ప్రకటనలు వేయించే బ్లేజ్ సంస్థ. 1974లో సినిమా వచ్చింది. హైదరాబాదు దగ్గరి ఎల్లారెడ్డిగూడలో, సెట్లు లేకుండా, ఉన్న ఇళ్లలో, ఉన్న పొలాల్లో తీశారు. పట్నంలో చదువు అయిపోయిన భూస్వామి కొడుకు సూర్య (అనంత్‌నాగ్) తండ్రి మాట కాదనలేక పొలం చూసుకోవడానికి ఊరికొస్తాడు. ఇంట్లో పని చేసే లక్ష్మి (షబానా ఆజ్మీకి ఇదే మొదటి విడుదల). ఆమె భర్త కిష్టయ్య మూగవాడు, చెవిటివాడు, కుండలు చేసే కుమ్మరి. అల్యూమినియం గిన్నెలొచ్చాక కుండలు కొనేవాళ్లు లేరు.

సూర్య మొదట కులం పట్టించుకోడు, లక్ష్మి చేతి చాయ్ తాగుతాడు. చూసేవాళ్లకి పర్లేదే, మంచోడే అనిపిస్తుంది. అక్కడే ఉంది సినిమా పట్టు. అతను దుర్మార్గుడు కాదు. భయస్తుడు. తన సుఖానికి ఇబ్బంది రానంత వరకే అతని ఆధునికత. పట్నం నుంచి చదువుకుని, పాటల రికార్డులు వెంటేసుకుని వచ్చిన ఆ కుర్రాడిని చూస్తుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది మనకి. చివరి షాట్ గురించి చెప్పను. పది సెకన్లు కూడా ఉండదు.

భాష గురించి మాత్రం చెప్పాలి. 'అంకుర్'లో పాత్రలు దక్కనీ మాట్లాడతాయి. నిజానికి తెలంగాణ పల్లెలో కుమ్మరి ఇంట్లో ఆలూమగలు ఉర్దూ మాట్లాడుకోరు, తెలుగే. దేశమంతా ఆడాలంటే హిందీ కావాలి కాబట్టి చేసుకున్న సర్దుబాటు అది. కానీ బొంబాయి హిందీ వాడలేదు, ఇక్కడి గాలి సోకిన హిందీ వాడారు. చార్మినార్ దగ్గర బిర్యానీ తింటూ వినే ఆ యాసని ఒక గంభీరమైన కథ మోయగలదని దేశానికి చూపించింది ఈ సినిమానే. నాకైతే ఆ సర్దుబాటు మీద కొంచెం కోపమూ ఉంది, దాని ఫలితం మీద ప్రేమా ఉంది. రెండూ అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకి మూటాముల్లె సర్దుకుంటోంది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత ఒక్కొక్కటే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టల మీదికి చేరాయి. అక్కణ్నుంచి మాదాపూర్ ఎంత దూరం? గుట్ట దిగితే దుర్గం చెరువు, చెరువు దాటితే ఊరు. కెమెరాలు, లైట్లు, డబ్బు అన్నీ గుట్ట మీదే ఉన్నాయి. గుట్ట కింది మనుషుల కథలు చెప్పడానికి మాత్రం బొంబాయి నుంచి ఒకడు, కలకత్తా నుంచి ఇద్దరు రావాల్సొచ్చింది.

కలకత్తా నుంచి మొదట వచ్చింది మృణాల్ సేన్. 1977లో 'ఒక ఊరి కథ' తీశాడు, తెలుగులో. ప్రేమ్‌చంద్ హిందీ కథ 'కఫన్'ని తెలంగాణ పల్లెకి తెచ్చి నాటాడు. పని చేస్తే దొరకే లాభం, అందుకే పని చేయను అని భీష్మించుకున్న ముసలి తండ్రిగా వాసుదేవరావు నటన చూసి తీరాలి. నవ్వొస్తుంది, వెంటనే నవ్వినందుకు సిగ్గేస్తుంది.

తర్వాత గౌతమ్ ఘోష్. కథాచిత్రాల్లో అతనికి మొదటిది 'మా భూమి'. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. ఆధారం కృష్ణ చందర్ రాసిన ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. 1980 మార్చి 23న, అంటే భగత్‌సింగ్‌ని ఉరితీసిన రోజున విడుదల చేశారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన అతి ముఖ్యమైన తెలుగు సినిమాకి మూలం ఉర్దూ, దర్శకుడు బెంగాలీ. నిర్మాత మాత్రం ఇక్కడివాడు. పెద్ద హీరో లేని ఆ సినిమా హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి నడిచింది. పొద్దున పదకొండింటి ఆటకి స్టూడెంట్లు, రిక్షావాళ్లు, గుమాస్తాలు టికెట్లు కొన్నారు. గొంగడి కప్పుకుని గద్దర్ తెరమీదికొచ్చి పాట అందుకునే ఘట్టం ఫోన్‌లో చూడకండి దయచేసి. కనీసం ఒక స్పీకరన్నా తగిలించండి.

పరిశ్రమ ఇక్కడికొచ్చి కూడా ఇక్కడి కథ ఎందుకు చెప్పలేదు? నా లెక్క ఇది. డబ్బు పెట్టినవాళ్లలో, రాసినవాళ్లలో ఎక్కువమంది కోస్తా జిల్లాలవాళ్లు. వాళ్లు మద్రాసులో ఉన్నా హైదరాబాదులో ఉన్నా వాళ్ల మనసులో ఊరంటే కాలవగట్టు, కొబ్బరిచెట్లు. అందులో తప్పేం లేదు, ఎవరి ఊరు వాళ్లకి అందం. కానీ దాంతోపాటు భాషలో ఒక నిచ్చెన తయారైంది. నాయకుడికి ఒక తెలుగు, రౌడీకి, కమెడియన్‌కి ఇంకో తెలుగు. 1980ల్లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసని అద్భుతంగా పలికాడు. జనం ఊగిపోయారు. ఆ గెలుపు తర్వాత ఆ యాస విలన్ల జేబులోకి పోయి చాలాకాలం బయటికి రాలేదు. నిజామాబాద్ కుర్రాడు "మన సైడ్ సినిమాలు ఉన్నయా" అని అనుమానంగా అడగడం వెనక ఈ కథంతా ఉంది. వాళ్లమ్మ మాట్లాడే మాటని చిన్నప్పటినుంచీ తెరమీద గూండా నోట్లోనే విన్నాడు మరి.

నిర్మాతగా మొదలైన నర్సింగరావు తర్వాత తనే దర్శకుడయ్యాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథకి కేంద్రం ఆయనే. ఫైన్ ఆర్ట్స్ చదివిన చిత్రకారుడు, కవి. 'రంగుల కల'లో ఒక పెయింటర్ ఈ నగరంతో ఎలా నెగ్గుకు రావాలో తెలియక సతమతమవుతాడు. ఆ పాత్ర ఆయనే వేశాడు. నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక కావాలి. 1980ల హైదరాబాదు గోడలు, గల్లీలు, వెలుతురు చూడటానికైనా ఒకసారి పెట్టుకోవచ్చు.

'దాసి' (1988) అలా కాదు. అది కదలనివ్వదు. 1920ల నాటి గడీలో కమలాక్షి అనే దాసి రోజులే సినిమా. అర్చనకి ఉత్తమ నటి అవార్డు, ఎ.కె. బీర్‌కి ఛాయాగ్రహణానికి, తోట వైకుంఠానికి కళా దర్శకత్వానికి. మొత్తం ఐదు జాతీయ అవార్డులు. ఇవాళ మన క్లబ్‌హౌస్ గోడల మీద ఎర్రచీర, పెద్ద బొట్టుతో కనిపించే తెలంగాణ స్త్రీల బొమ్మలకి మూలం ఆ వైకుంఠమే. ఆయన తీర్చిన గడీ గోడల మధ్య అర్చన చాలాసేపు ఏమీ మాట్లాడదు. ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే వెళ్తుంది. సంగీతంతో మనల్ని ఏడిపించే ప్రయత్నం ఎక్కడా ఉండదు. అందుకే చూసి లేచాక కూడా అది మనల్ని వదలదు.

ఇక 'మట్టి మనుషులు' (1990). ఈ వ్యాసంలో ఒక్క సినిమానే చూస్తానంటే ఇదే చూడమంటాను. ఊరు వదిలి పట్నానికొచ్చి, కట్టుబడి పనుల్లో పడ్డ కూలీల కథ. ఇందులోనూ అర్చనే. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తారీఖు చూడండి: సైబర్ టవర్స్‌కి ఎనిమిదేళ్ల ముందు. ఇంకా పునాది తవ్వకముందే ఆ పునాది తవ్వబోయేవాళ్ల సినిమా వచ్చేసింది.

మా కొండాపూర్ చౌరస్తాలో పొద్దున ఏడింటికి అడ్డా ఉంటుంది. పారలు, తట్టలు, టిఫిన్ డబ్బాలతో ఆడామగా నిలబడి ఉంటారు. బైక్ ఆగితే చాలు, పదిమంది చుట్టూ మూగుతారు. ఎంతమంది కావాలె, ఎంతిస్తవ్, ఏడ పని. రెండు నిమిషాల్లో బేరం అయిపోతుంది. పదిన్నరకి నేను ఆఫీసుకి పోయేటప్పుడు ఇంకా కొందరు అక్కడే ఉంటారు. వాళ్లకి ఆ రోజు పని దొరకనట్టు. పాలమూరు జిల్లా నుంచి గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి జట్లు జట్లుగా కూలీలని తీసుకెళ్లి దేశమంతా ఆనకట్టలు, కాలువలు కట్టించిన చరిత్ర ఉంది. ఆ జనమే ఇక్కడికీ వచ్చారు. ఇప్పుడు వాళ్ల పక్కన ఒడిశా, బీహార్ మాటలు కూడా వినిపిస్తున్నాయి. నేను ఏళ్లపాటు ఆ చౌరస్తా దాటాను. 'మట్టి మనుషులు' చూశాక మొదటిసారి అక్కడ సిగ్నల్ పడ్డప్పుడు ఎటు చూడాలో తెలియలేదు. నేను చూసిన కాపీ ఏమంత బాగాలేదు, రంగులు వెలిసిపోయి, మాటలు కొన్నిచోట్ల మూసుకుపోయి. బెనెగల్ 'మంథన్'ని శుభ్రంగా పునరుద్ధరించి 2024లో కాన్‌లో చూపించారు. ఆ భాగ్యం దీనికి కూడా పట్టాలి. పట్టకపోతే ఈ నగరం కట్టినవాళ్లకి తెరమీద మిగిలిన కొద్ది ఆనవాళ్లలో ఒకటి పోయినట్టే.

ఇంత బరువు వరసగా ఎత్తలేం అంటే, మధ్యలో 'మండీ' (1983) పెట్టుకోండి. అదీ బెనెగల్‌దే. గులామ్ అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ' ఆధారం. ఊరి నడిబొడ్డున రుక్మిణీబాయి (షబానా) నడిపే వేశ్యాగృహం. ఆ స్థలం మీద వ్యాపారుల కన్ను పడుతుంది. అదే సమయానికి నీతి గురించి మాట్లాడే సంఘాలవాళ్లకి కోపమొస్తుంది. రెండూ ఒకేసారి ఎలా జరిగాయో సినిమా ఎక్కడా నొక్కి చెప్పదు, మీరే నవ్వుకుంటారు. చివరికి వీళ్లని ఊరవతల, ఏమీ లేని చోటికి తోలేస్తారు. ఏమీ లేని ఆ చోటికే జనం రావడం మొదలవుతుంది. మూలకథ ఇంకో అడుగు ముందుకేస్తుంది: వాళ్లని పడేసిన చోట మెల్లగా ఒక నగరమే లేస్తుంది, అప్పుడు ఆ నగరపు పెద్దలు మళ్లీ సమావేశమై, వీళ్లని ఇక్కణ్నుంచి పంపేయాలి అని చర్చిస్తారు. కోకాపేటలో గజం రేటు గురించి లంచ్ టైంలో మాట్లాడుకునే మనకి ఇంతకన్నా సూటిగా తగిలే రియల్ ఎస్టేట్ సినిమా ఇంకోటి లేదు. ముందు ఏ సినిమా చూడాలి అని అడిగితే 'అంకుర్' కాదు, 'మండీ' అంటాను. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఓం పురి, అందరూ ఒకే ఇంట్లో. గోల గోలగా, కళకళలాడుతూ ఉంటుంది.

ఆ కుర్రాడికి ఇంట్లో హాయిగా నవ్వుకోవడానికి కూడా ఒకటి కావాలి కదా. 'ది అంగ్రేజ్' (2006). అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు, హైటెక్ సిటీ ఆఫీసు, అటువైపు చార్మినార్ దగ్గర ఇస్మాయిల్ భాయ్ గ్యాంగు. రెండు హైదరాబాదులు ఒకదాన్నొకటి గుర్తుపట్టలేకపోవడమే కామెడీ. సినిమాగా అతుకుల బొంత, దాచేదేం లేదు. హీరోల కథ వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేసినా నష్టం లేదు. కానీ 'అంకుర్' గంభీరంగా మోసిన ఆ దక్కనీని ఇది గల్లీలోకి తెచ్చి కూర్చోబెట్టింది, హాస్టళ్లలో సీడీలు అరిగిపోయాయి. ఇస్మాయిల్ భాయ్ మాటలు ఇప్పటికీ మా టీమ్ మీటింగుల్లో వినిపిస్తాయి, ఎక్కడివో తెలియకుండానే.

బెనెగల్ మళ్లీ ఇక్కడికొచ్చి తీసిన 'వెల్ డన్ అబ్బా' (2010) కూడా తేలిగ్గా ఉంటుంది. హైదరాబాదీ రచయిత్రి జీలానీ బానో కథ 'నర్సయ్యన్ కీ బావ్డీ' దీనికి ఒక ఆధారం. ముంబైలో డ్రైవరుగా పని చేసే అర్మాన్ అలీ ఊరికొచ్చి, సర్కారు పథకం కింద బావి తవ్వించుకోబోతాడు. బావి కాగితాల మీద పూర్తయిపోతుంది, నేలమీద ఉండదు. అప్పుడతను, అతని కూతురు కలిసి మా బావి పోయింది అని కేసు పెడతారు. గచ్చిబౌలి అన్న పేరులోనే బావి ఉంది. బౌలి అంటే బావే. మ్యాపులో ఆ పేరు టైప్ చేసి క్యాబ్ పిలుచుకునేటప్పుడు ఒకసారి గుర్తు చేసుకోండి.

కొత్తవాటిలో ఒక్కటి చెప్తాను. 'మెయిల్' (2021), ఉదయ్ గుర్రాల దర్శకుడు, ఆహాలో వచ్చింది. 2005లో కంబాలపల్లి అనే ఊరికి కంప్యూటర్ చేరుతుంది, దాంతోపాటు కోట్ల లాటరీ తగిలిందని ఒక మోసపు మెయిల్ కూడా. ఈ కథలో ఎవరూ తెలంగాణ యాసని నవ్వించడానికి మాట్లాడరు, వాళ్లకి వచ్చిందే అది. 'అంకుర్'లో కుమ్మరి ఇంట్లో వినపడని తెలుగు ఇక్కడ ప్రతి ఇంట్లో వినపడుతుంది. దానికి 47 ఏళ్లు పట్టింది.

వెతకడం గురించి రెండు మాటలు. ఈ సినిమాలని ఏ యాప్ మీకు తనంతట తను చూపించదు. హోమ్ పేజీ మీద ఎదురుచూడొద్దు, పేరు కొట్టి వెతకండి. సినిమాలు ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారుతుంటాయి కాబట్టి ఈ నెల లేదంటే మూడు నెలలాగి మళ్లీ చూడండి. ఒకప్పుడు ఇలాంటి సినిమా కోసం ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ ముందు కూర్చునేవాళ్లు, లేదంటే ఫిల్మ్ క్లబ్ సభ్యత్వం తీసుకుని అమీర్‌పేట సారథి స్టూడియో దాకా పోయేవాళ్లు. పది నిమిషాలు లేటైతే ఆ పది నిమిషాలు జీవితంలో మళ్లీ దొరికేవి కావు. మనకి పాజ్ బటన్ ఉంది, కాకపోతే 'దాసి'ని పాజ్ చేస్తూ చూస్తే సగమే చూసినట్టు.

ఆ కుర్రాడికి చివరికి మూడే పేర్లు పంపాను. 'మండీ', 'మా భూమి', 'మట్టి మనుషులు'. ఆదివారం రాత్రి పదకొండున్నరకి మెసేజ్ పెట్టాడు.

"అన్నా, మా భూమి అమ్మతోని కలిసి చూసిన. ఫోన్ల వీడియో కాల్ పెట్టి, టీవీ ముంగట. పాటలన్నీ ఆమెకు ముందే తెలుసు."

ఒక నిమిషం ఆగి ఇంకోటి.

"నాకెప్పుడు చెప్పలే."